బిడ్డ ఒంటికి మెత్తని బట్ట

మా పాపకు రెండేళ్లు నిండిన ఎండాకాలంలో నాకు బట్టంటే భయం పట్టుకుంది. చీకటికి భయపడేవాళ్లు ఉంటారు, పాముకు భయపడేవాళ్లు ఉంటారు. ఉతికి, ఎండలో ఆరేసి, మడతపెట్టిన పసిపిల్ల గౌను చేతిలోకి తీసుకోవడానికి కన్నతల్లి భయపడిందంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. అందుకే ఇన్నేళ్లూ ఈ సంగతి మొదటి నుంచి చివరిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల్లో మేము కాశిబుగ్గ దాటి ఎనుమాముల వైపు పోయే దారిలో ఒక వరుస ఇళ్లలో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. నేను, మా ఆయన, మా అత్తమ్మ, పాప. మా ఆయన మార్కెట్ యార్డులో ఒక మిర్చి అడ్తి కొట్టులో కాంటా పని చేసేవాడు. రైతులు తెచ్చిన బస్తాలను కాంటా మీద పెట్టించి తూకం చెప్పడం ఆయన పని. చలి తగ్గిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా యార్డు అంతా ఎర్రగా ఉండేది. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల మీద, చెవుల వెనక, చొక్కా మడతల్లో సన్నని ఎర్రదుమ్ము ఉండేది. ఆయన చొక్కా విప్పి దులిపితే మేమంతా తుమ్మేవాళ్లం. అత్తమ్మ తుమ్ముతూనే నవ్వేది. కడుపు నింపేది ఆ మిర్చే కాబట్టి ఎవరమూ దాన్ని తిట్టేవాళ్లం కాదు.

పాపకు ముందు మాకు ఒక కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే జ్వరం వచ్చి, ఆయాసం ఎక్కువై, పెద్ద దవాఖానలో నా ఒళ్లోనే పోయాడు. ఆ తర్వాత పుట్టిన పిల్ల కాబట్టి పాప తుమ్మితే నేను ఉలిక్కిపడేదాన్ని, దగ్గితే అత్తమ్మ బైబిలు తీసి ప్రార్థనకు కూర్చునేది. పాపకు మాత్రం మా భయాలతో పని లేదు. నడక వచ్చిన నాటి నుంచి అది నడవలేదు, పరుగే. వాకిట్లో బట్టలు ఉతికే బండ ఎక్కేది, పక్కింటివాళ్ల మేకపిల్ల వెంట పడేది, తలుపు తీసి ఉంటే రోడ్డు మీదికి ఉరికేది. యార్డుకు పోయే బండ్లు, లారీలు ఆ రోడ్డు మీదే పోయేవి. నేను వంట చేస్తున్నా ఒక చెవి వాకిట్లోనే ఉండేది.

అట్లా ఉరికే పిల్లకు ఏ బట్టలు తొడగాలన్నది మా ఇంట్లో రోజూ ఉండే మాటే. చిన్న లంగా కుట్టిస్తే కాళ్లకు అడ్డంపడి బోర్లా పడింది, గడ్డం పగిలింది. లాగుకు ఎలాస్టిక్ వేయిస్తే నడుము చుట్టూ ఎర్రటి గీత పడింది. ఆ యేడు ఎండలు మొదలవుతుండగా హైదరాబాదు నుంచి మా ఆడబిడ్డ వచ్చి ఒక నైలాను గౌను తెచ్చింది. గులాబి రంగు, మెడ చుట్టూ జాలీ, నడుముకు రిబ్బను.

"వదినా, పట్నంల అందరు గిసోంటియే తొడుగుతాన్రు" అంది మురిపెంగా.

నిజమే, పాప అందులో బొమ్మలాగా ఉంది. కాని ఒక పూట ఆడుకుని వచ్చేసరికి మెడ చుట్టూ, చంకల కింద చెమటపొక్కులు తేలాయి. ఆడబిడ్డ ఊరికి పోగానే అత్తమ్మ ఆ గౌను విప్పించింది.

"ఈ గీకుడు బట్ట వద్దే. గాలన్న ఆడదు. మావోని పాత ధోతులున్నయి గదా, అయి కోసి కుట్టు. పసివిల్లలకు పాతబట్టంత సుఖం ఇంకోటి ఉండదు. నా పిల్లలందరు గట్లనే వెరిగిన్రు."

మా ఆయన యార్డుకు ధోతి కట్టుకునే పోయేవాడు. కాశిబుగ్గ మగ్గాల మీద నేసిన నూలు ధోతులు. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి అవి పువ్వులాగా అయ్యాయి. వాటిలో రెండు తీసి, చిరుగులు తప్పించి కోశాం. చేతులు లేని గౌన్లు, మెడ దగ్గర వెడల్పుగా కోసి వెనక ముడి వేసుకునేట్టు. గుండీలు లేవు, జాలీ లేదు, ఎలాస్టిక్ లేదు. మోకాళ్లు దాటకుండా పొడవు. అదే గుడ్డతో నాడా లాగులు. ముందు ఒక జేబు కూడా పెట్టాను, పాప ఏరుకొచ్చే గులకరాళ్ల కోసం. మిషను లేదు, అన్నీ చేతికుట్లే. కుట్టుకుంటూ కూర్చున్నప్పుడు నాకు చాలా తృప్తిగా అనిపించింది. పక్కింటి అక్క వచ్చి ఆ గుడ్డను చెంపకు ఆనించుకుని చూసింది.

"ఎంత మెత్తగున్నదే చెల్లె! వెన్న లెక్క ఉన్నది" అంది.

ఆ అక్క వాళ్లు పల్లె నుంచి వచ్చిన వాళ్లు. భార్యాభర్తలు ఇద్దరూ ఊరి చుట్టుపక్కల పొలాల్లో కూలికి పోయేవాళ్లు. ఇద్దరు మగపిల్లలు. మా పాపకు ఆటంతా వాళ్లతోనే.

కొత్త గౌను వేసుకున్న మొదటి రోజు మధ్యాహ్నం పాప పరుగెత్తుకుంటూ వచ్చి మెడ పట్టుకుంది.

"అమ్మా, చీమ! చీమ!"

గౌను విప్పి దులిపాను. చీమ లేదు. నీళ్లతో తుడిచి మళ్లీ తొడిగాను. కొంతసేపటికి మళ్లీ అదే ఏడుపు, ఈసారి నడుము పట్టుకుని. అత్తమ్మ, నేను చాప ఎత్తి చూశాం, గోడ వెంట చూశాం, మూలల్లో పసుపు చల్లాం. ఒక్క చీమ కనపడలేదు.

రెండు మూడు రోజులకు ఒంటి మీద మచ్చలు లేచాయి. మెడ చుట్టూ, చంకల్లో, నడుము దగ్గర, తొడల మధ్య ఎర్రగా కందిపోయి, గోకిన చోట చర్మం లేచి. పాపకు చెమట పట్టేదాకా బాగానే ఉండేది. పరుగెత్తి, ఆడి, ఒళ్లు తడవగానే మొదలయ్యేది. నేలమీద పడి దొర్లేది. గౌను పీకి అవతల పారేసి దిసమొలతో వాకిట్లోకి ఉరికేది. అట్లా ఉరికిన కాసేపటికి ఏడుపు తగ్గేది. అది మొండితనం అనుకున్నాం. అత్తమ్మ సిగ్గుపడి, "ఆడివిల్ల గట్ల తిరుగుతదానే" అని పట్టుకొచ్చి మళ్లీ గౌను తొడిగేది.

చెమట వల్లే అనుకుని నేను గౌను తడిసీ తడవకముందే మార్చడం మొదలుపెట్టాను. మార్చినకొద్దీ మంట పెరిగింది. ధోతిలో మిగిలిన ముక్కను చన్నీళ్లలో ముంచి ఒళ్లు తుడిచేదాన్ని. నేను తుడుస్తుంటే పాప నా చెయ్యి తోసేసి, నావైపు చూస్తూ వెనక్కి వెనక్కి పోయేది. నా బిడ్డ నన్ను చూసి భయపడుతోందని అప్పుడే మొదటిసారి తోచింది.

స్టేషను దగ్గర ఉన్న డాక్టరమ్మకు చూపించాం. ఆమె నెమ్మదిగా చూసింది, జ్వరం లేదంది, పూతమందు రాసింది.

"ఎండకు ఒళ్లు కాగిందమ్మా. నైలాను వద్దు. వదులుగా, మెత్తటి నూలు బట్టలు వెయ్యి" అంది.

"అవే తొడుగుతాన్న డాక్టరమ్మా" అన్నాను.

"మంచిది. అవే తొడుగు."

నేను అవే తొడిగాను.

వారం తిరిగేసరికి పాప కళ్లు కూడా వాచాయి. ఎర్రబడి నీళ్లు కారేవి. సన్నగా దగ్గు మొదలైంది. ఆ దగ్గు వినగానే నాకు మా కొడుకు గుర్తొచ్చాడు. వాడికీ మొదట ఇట్లాంటి పొడిదగ్గే. నేను పాప పక్కన కూర్చుని దాని డొక్కలు ఎగరేస్తోందా అని చూస్తూ ఉండేదాన్ని. మా ఆయన ఇంటికి రాగానే చొక్కా అయినా విప్పకుండా పాపను ఎత్తుకుని భుజాన వేసుకుని వాకిట్లో తిప్పేవాడు. పాప ఆయన మెడలో మొహం దాచుకుని ఇంకా ఎక్కువ ఏడ్చేది. "బాపు ఉన్నడు బిడ్డా, బాపు ఉన్నడు" అంటూ ఆయన ఇంకా దగ్గరికి హత్తుకునేవాడు.

వరుస ఇళ్లలో మాటలు మొదలయ్యాయి. మొదట అమ్మవారు అన్నారు. పక్కింటి అక్క గుమ్మానికి వేపమండ కట్టింది. మేము క్రైస్తవులమని ఆమెకు తెలుసు, అయినా అడగకుండానే కట్టింది. అత్తమ్మ చూసి కూడా తీసేయలేదు. ఆ అక్క నన్ను పక్కకు పిలిచింది.

"చెల్లె, నువ్వేమనుకోకు. వచ్చే జాతరకు మేడారం పోయి బిడ్డ ఎత్తు బంగారం ఇస్తనని మొక్కిన. మీ దేవునికి మీరు మొక్కుండ్రి. బిడ్డ బతుకాలె, గంతే."

అక్కడ తల్లులకు ఇచ్చే బెల్లాన్ని బంగారం అంటారు. నేను ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. పాప చనిపోతుందేమోనన్న మాట ఇంకొకరి నోట వచ్చాక అది ఇంకా నిజంలాగా కనిపించింది.

అమ్మవారయితే తగ్గాలి కదా, తగ్గలేదు. అప్పుడు రెండో మాట వచ్చింది. గోకిన చోట మానిన మచ్చలు తెల్లగా కనపడుతున్నాయి. చివరి ఇంటి ముసలాయన మా ఆయనను ఆపి, "ఆ మచ్చల మీద సూది గుచ్చితె బిడ్డకు తెలుస్తాందా?" అని అడిగాడట. ఆయన ఏ రోగం గురించి అడిగాడో మా ఇద్దరికీ అర్థమైంది. కుష్ఠు అన్న పేరు ఆ రోజుల్లో పైకి అనేవాళ్లు కాదు. మా ఆయన ఆ మాట నాకు చెప్పి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. మర్నాటి నుంచి ఇద్దరు ముగ్గురు తల్లులు పిల్లలను మా వైపు రానివ్వలేదు. పాప గడపలో నిలబడి వాళ్లను పిలిచేది. ఎవరూ రాకపోతే జేబులో రాళ్లు తీసి గడప మీద పేర్చుకునేది. పక్కింటి అక్క మాత్రం తన పిల్లలను ఆపలేదు. ఆమె మంచితనం చూసి కూడా నాకు భయమే వేసింది. రేపు ఆ పిల్లలకు అంటుకుంటే నేను ఆమె మొహం ఎట్లా చూడాలి?

అవి శ్రమల దినాలు, యేసు పడ్డ బాధలను తలుచుకునే నలభై రోజులు. మంచి శుక్రవారం దగ్గరపడుతోంది. మా సంఘంలో శుక్రవారాలు ఆడవాళ్లంతా ఉపవాస ప్రార్థన చేసేవాళ్లు. పాపను వదిలి వెళ్లలేక నేను ఇంట్లోనే ఉపవాసం ఉన్నాను. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. పొయ్యి వెలిగించలేదు. అత్తమ్మకు నిన్నటి అన్నమే. పాప గౌను విప్పేసి, లాగు విప్పేసి, చాప మీద పడుకుని నిద్రపోయింది. చేతులు ఊరికే ఉంటే మనసు ఎటో పోతుందని ఇంకో గౌను కుట్టడానికి కూర్చున్నాను. ఉన్నవి చాలడం లేదు, రోజుకు ఇన్నిసార్లు మారుస్తున్నాను కదా అని.

అంచు మడిచి పళ్లతో పట్టుకుని, కుట్టు వేసి, దారం కొరికాను. మళ్లీ అంచు, మళ్లీ దారం. అట్లా ఒక పక్క అంతా అయింది. పెదాలు చురచురమంటున్నాయి. ఎండిపోయాయేమో అని నాలుకతో తడుపుకున్నాను. మంట నాలుకకు పాకింది.

మిర్చి కాంటా మనిషి ఇంట్లో పెదాలు మండటం కొత్త కాదు. రోజూ ఏదో ఒక కూర, పచ్చడి, దుమ్ము. ముందు గౌన్లు కుట్టినప్పుడు కూడా మండే ఉంటాయి, నేను పట్టించుకుని ఉండను. కాని ఆ రోజు నేను ఏమీ తినలేదు. పొయ్యి దగ్గరికే పోలేదు. నోట్లో పెట్టింది ఒక్క ఆ గుడ్డే.

గుడ్డ వాసన చూశాను. సబ్బు వాసన, ఎండ వాసన. తెల్లగా, శుభ్రంగా ఉంది. దాని అంచు తడిపి నా మోచేతి మడతలో రుద్దుకుని కూర్చున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత వెచ్చబడింది. తర్వాత చీమలు కుట్టినట్టు మొదలైంది. చీమలు! కూర్చున్న చోటి నుంచే పిలిచాను.

"అత్తమ్మా, జర ఇటు రాండ్రి."

ఆమె బైబిలు మూసి వచ్చింది.

"గీ గుడ్డ జర నాలికకు పెట్టి సూడుండ్రి."

"ఏం తిక్కనే నీకు? ఉపాసముండి నెత్తి తిరుగుతాందా?"

"పెట్టుండ్రి అత్తమ్మా, మీకు దండం పెడ్త."

ఆమె నా మొహం చూసి గుడ్డ కొస నోట్లో పెట్టుకుంది. కాసేపటికి దాన్ని తీసి, పెదాలు తుడుచుకుని, నిద్రపోతున్న పాప వైపు చూసింది.

"యేసయ్యా" అంది.

ఏళ్ల తరబడి యార్డులో కట్టుకున్న ధోతులు అవి. మిర్చి రాశుల మీద కూర్చున్నవి, చెమటతో తడిసినవి, దుమ్ముకు అడ్డంగా కొస మొహానికి పెట్టుకున్నవి. చన్నీళ్లకు, సబ్బుకు దుమ్ము పోయింది గాని కారం నూలు పోగుల్లోనే ఉండిపోయింది. పాపకు చెమట పట్టినప్పుడల్లా అది మళ్లీ లేచి మెత్తని చర్మానికి అంటింది. నేను తడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ కారమే పూశాను. దిసమొలతో ఉరికి ఉరికి బిడ్డ తనను తాను కాపాడుకుంటుంటే, పట్టి తెచ్చి మళ్లీ తొడిగాం.

అత్తమ్మ ఆ గౌన్లు, లాగులు, మిగిలిన ముక్కలు, ఆయన మొహానికి కట్టుకునే తువ్వాల అన్నీ మూటకట్టి వాకిట్లో నీళ్లు కాగబెట్టే పొయ్యిలో పడేసింది. పొగకు వరుసంతా దగ్గింది. పక్కింటి అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చింది.

"ఏం కాలవెట్టిన్రే? గింత ఘాటు!"

"బిడ్డ బట్టలక్కా" అన్నాను. ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నా పక్కన కూలబడి నా వీపు నిమిరింది.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. పాప నా పాత చీర ముక్క చుట్టుకుని గడపలో ఆడుకుంటోంది. ఆయన్ను చూడగానే చేతులు చాపి ఉరికింది. ఆయన వంగాడు.

"ఆగు! బిడ్డను ముట్టకు!"

ఆయన్ను 'మీరు' అని తప్ప ఏనాడూ అనని నేను అట్లా అరిచాను. ఆయన వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. పాప ఆయన కాళ్లను చుట్టుకోబోతే నేను మధ్యలో దూరి ఎత్తుకున్నాను. అత్తమ్మ సంగతంతా చెప్పింది. ఆయన వింటూ తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. గోళ్ల కింద ఎర్రగా ఉంది.

"రోజు ఎత్తుకుంటి గదా" అన్నాడు. "ఏడుస్తాందని ఇంక గట్టిగ పట్టుకుంటి గదా."

తర్వాత ఆయన అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"మన పెద్దోనికి గూడ గిట్లనే అయిందా? అప్పుడు గూడ మిర్చి సీజనే."

నేను కాదన్నాను. జ్వరం, నెమ్ము అని దవాఖానలో చెప్పారు కదా అన్నాను. చాలా గట్టిగా అన్నాను. కాని ఆ ప్రశ్న నా లోపల కూడా అప్పటికే లేచింది. వాడి కింద పరిచిన గుడ్డలు కూడా ఆయన పాత ధోతులే. మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి పోయినప్పుడు పాప సంగతి చెప్పాక ఆ మాట కూడా అడిగాను. ఆమె చాలాసేపు నా వైపు చూసింది.

"అది వేరమ్మా. నెమ్ము బట్టల వల్ల రాదు" అంది.

ఆమె చెప్పింది తెలిసే చెప్పిందో, మమ్మల్ని బతకనివ్వడానికి చెప్పిందో నాకు తెలియదు. మళ్లీ అడగలేదు. మా ఆయనా నేనూ ఆ తర్వాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

కారం నీళ్లకు పోదని, ముందు నూనె రుద్ది తర్వాత సబ్బు పెట్టాలని డాక్టరమ్మ చెప్పింది. ఆయన వాకిలి చివర తడకలు కట్టి ఒక స్నానాల గది చేసుకున్నాడు. యార్డు నుంచి వచ్చి అక్కడే నూనె రుద్దుకుని, స్నానం చేసి, అక్కడ పెట్టిన వేరే బట్టలు కట్టుకుని ఇంట్లోకి వచ్చేవాడు. ఆయన బట్టలకు వేరే బకెట్టు, వేరే తాడు. అంత చేసినా పాపను ముట్టలేదు. పాప ఉరికొస్తే ఆయన వెనక్కి జరిగేవాడు. పాప అది ఆట అనుకుని ముందు నవ్వింది. రోజూ అట్లాగే జరుగుతుంటే నవ్వడం మానేసింది. "బాపూ, ఎత్తుకో" అని చేతులు పైకెత్తి నిలబడేది. ఆయన గోడవతల నిలబడి దానితో మాట్లాడేవాడు. మిర్చికి భయపడని మనిషి తన చేతులకు తాను భయపడ్డాడు. అన్నం తినేటప్పుడు కూడా చెంచా అడిగేవాడు.

ఇక బట్టలు. ఏ గుడ్డ పట్టుకున్నా నాకు అనుమానమే. నా పాత చీరలు కూడా ఆయన బట్టలతో కలిసి ఉతికినవే కదా. చివరికి కాశిబుగ్గలో మగ్గం ఉన్న ఒక ఇంటికి నేనే పోయి, మగ్గం మీది నుంచి అప్పుడే దింపిన గుడ్డ తెచ్చాను. సన్నని నీలం గళ్లు, మట్టి మరకలు కనపడకుండా. కొత్త నూలు కాబట్టి గంజితో బిర్రుగా ఉంది. వేణ్నీళ్లలో నానబెట్టి, బండ మీద ఉతికి, ఆరేసి, మళ్లీ ఉతికి, అది మెత్తబడేదాకా చేతులు నొప్పి పుట్టేట్టు పిసికాను. కుట్టే ముందు ప్రతి ముక్కనూ నా మెడకు చుట్టుకుని ఎండలో పని చేసుకునేదాన్ని. చూసేవాళ్లకు పిచ్చిదానిలాగా కనిపించి ఉంటాను. నాకేమీ కాకపోతేనే పాపకు. తొడిగిన తర్వాత కూడా దాని వెంటే తిరిగేదాన్ని. అది చెయ్యి మెడ మీద వేస్తే చాలు, ఉరికిపోయి చూసేదాన్ని. చాలాసార్లు అది మెడ మీది దుమ్ము తుడుచుకునేది, అంతే.

మచ్చలు మెల్లగా మానాయి. కళ్లు తేటపడ్డాయి. దగ్గు పోయింది. ఆగిన పరుగు మళ్లీ మొదలైంది, మేకపిల్ల వెంట, బండ మీదికి. వాకిట్లో దాని కేకలు వినపడుతుంటే అవి ఏడుపో, సంబరమో తేల్చుకోవడానికి ప్రతిసారీ బయటికి వచ్చి చూసేదాన్ని.

తొలకరి పడి మిర్చి సీజను అయిపోయింది. ఒక సాయంత్రం వాన వెలిసింది. మా ఆయన స్నానం చేసి గడప మీద కూర్చున్నాడు, అలవాటుగా చేతులు వెనక్కి పెట్టుకుని. పాప అటూ ఇటూ చూసింది. ఆయన లేవబోయేలోపు వెనక నుంచి వీపు మీదికి ఎక్కి మెడ చుట్టూ చేతులు వేసింది. ఆయన కదలలేదు. నేను దగ్గరికి పోయి చూశాను. పాప ఆయన చెవిలో ఏదో చెబుతోంది.

"సూడవే, ఎర్రగైతాందా?" అన్నాడు ఆయన తల తిప్పకుండా.

"లేదు" అన్నాను.

"మంచిగ సూడు."

"మంచిగనే సూసిన. ఏం లేదు. ఎత్తుకోండ్రి."

ఆయన చేతులు ముందుకు తెచ్చి పాపను ఒళ్లోకి తీసుకున్నాడు. ఆ తర్వాతి యేడు అడ్తి సేటును బతిమాలి మిర్చి వదిలి పత్తి వైపు పోయాడు. ఇంటికి వచ్చేసరికి జుట్టులో, మీసాల్లో తెల్లటి నూగు ఉండేది. అయినా తడకల వెనక స్నానం మాత్రం మానలేదు.

నా భయం అంత తొందరగా పోలేదు. పాప బడికి పోయే వయసు వచ్చేదాకా నేను కుట్టిన గళ్ల గౌన్లు తప్ప ఏదీ తొడగనివ్వలేదు. ఎవరైనా బట్టలు తెచ్చి ఇస్తే మొహమాటానికి తీసుకుని పెట్టెలో పెట్టేదాన్ని. ఆరేళ్లు వచ్చాక ఒక క్రిస్మస్‌కు పాప ఎదురుతిరిగింది. మా సంఘం గుడిలో పిల్లలంతా పాట పాడాలి, అందరూ మెరిసే గౌన్లు వేసుకుంటున్నారు.

"అమ్మా, నాకు గూడ తళుకుతళుకుది గావాలె. గీ గళ్లది ఎప్పటికీ గిదేనా?"

మా ఆయన నావైపు చూశాడు. "కొనిద్దామె. ఒక్క పూటకేనాయె" అన్నాడు.

కొన్నాం. ఎర్రటి సాటిన్ గౌను, కింద రెండు వరసల కుచ్చులు. గుడిలో నేను మొదటి వరసలో కూర్చున్నాను. పాటలో ఒక్క మాట నా చెవిన పడలేదు. పాప మెడనే చూస్తున్నాను. సగం పాటలో అది చెయ్యి ఎత్తి మెడ దగ్గరికి తెచ్చింది. నేను లేచి నిలబడ్డాను. వెనకవాళ్లు కూర్చోమని గొణిగారు. పాప రిబ్బను సరిచేసుకుని చెయ్యి దించింది.

ఆరాధన అయ్యాక పిల్లలు బయటికి ఉరికారు. కొంతసేపటికి పాప నా దగ్గరికి తల వంచుకుని వచ్చింది. ప్రహరీ గోడ ఎక్కబోయిందట, కుచ్చు ఇనుప కమ్మీకి పట్టుకుని నడుము దాకా చిరిగింది.

"కొడ్తవా అమ్మా?"

నేను దాన్ని దగ్గరికి లాక్కుని మెడ చూశాను, చంకలు చూశాను, చిరుగులోంచి నడుము చూశాను. ఎక్కడా ఒక్క గీత లేదు. చెమటతో తడిసిన మామూలు ఒళ్లు.

"కొట్టను" అన్నాను.

"గీ గౌను మంచిగ లేదే. ఉరుకనిస్తలేదు, ఎక్కనిస్తలేదు" అంది కోపంగా.

మా ఆయన పక్కకు తిరిగి నవ్వు దాచుకున్నాడు. నా కళ్లలోంచి మాత్రం నీళ్లు కారాయి. పాప కంగారుపడి చిరిగిన కుచ్చును చేత్తో పట్టుకుని, "ఏడువకు, కుట్టుకుందాంతియ్యి" అంటూ నన్ను ఊరడించింది.